సినిమాలు మర్చిపోయినా రివ్యూలు మిగిలాయి.. ఎవరీ జేమ్స్ ఏజీ?

గురువారం రాత్రి ప్రీమియర్ షో పడుతుంది. ఇంటర్వెల్ కాకముందే ఫోన్లలో రివ్యూలు మొదలైపోతాయి. పొద్దున్నే రేటింగులు, మధ్యాహ్నానికి ఫ్యాన్స్ గొడవలు. సోమవారం వచ్చేసరికి ఆ రివ్యూలు ఎవరికీ గుర్తుండవు. రాసినవాళ్లకు కూడా! మరి 80 ఏళ్ల కిందటి సినిమా రివ్యూలను ఇప్పటికీ పుస్తకంగా కొని చదువుతున్నారంటే నమ్ముతారా? అందులోని చాలా సినిమాల పేర్లు ఇప్పటి అమెరికా కుర్రాళ్లకే తెలియవు. ఒక్క స్టార్ రేటింగ్ కూడా ఉండదు. అయినా ఆ పుస్తకం బతికే ఉంది.

దాని పేరు 'ఏజీ ఆన్ ఫిల్మ్'. రాసింది జేమ్స్ ఏజీ. (మన దగ్గర ఏజీ అనగానే సైఫాబాద్‌లోని ఆఫీసు గుర్తొస్తుంది కానీ, ఇది ఆయన ఇంటిపేరు.) 1958లో ఆ పుస్తకం వచ్చేసరికి ఆయన పోయి మూడేళ్లయింది.

నాన్నతో ఆఖరి సినిమా

1909 నవంబర్ 27న అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం, నాక్స్‌విల్‌లో పుట్టారు ఏజీ. ఆరేళ్ల వయసులో, 1916 మే నెలలో తండ్రి చనిపోయారు. ఒంట్లో బాగాలేని తన తండ్రిని చూడ్డానికి ఊరెళ్లి, ఒక్కరే కారు నడుపుకుంటూ తిరిగొస్తుంటే స్టీరింగ్‌లో ఓ చిన్న పిన్ను ఊడిపోయింది. అంతే, మనిషి ఇల్లు చేరలేదు. ఆ దుర్ఘటన ఏజీని జీవితాంతం వదల్లేదు. దాని మీదే ఏళ్ల తరబడి ఓ నవల రాసుకుంటూ పోయారు. ఆ నవల మొదటి అధ్యాయంలో ఏముంటుందో తెలుసా? తండ్రీ కొడుకులు కలిసి చార్లీ చాప్లిన్ సినిమాకు వెళ్తారు. పిల్లాడికి నాన్నతో అదే ఆఖరి సాయంత్రం.

తర్వాత చదువు హాస్టళ్లలోనే సాగింది. చర్చి బడిలో ఫాదర్ ఫ్లై అనే గురువు దొరికారు. ఆయనకు చివరి దాకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు ఏజీ. టీనేజ్‌లోనే డ్వైట్ మెక్‌డొనాల్డ్ అనే స్నేహితుడితో సినిమాల గురించి పేజీలకు పేజీలు ఉత్తరాల్లో చర్చించేవారు. ఏ దర్శకుడు కెమెరా ఎక్కడ పెట్టాడు, ఎందుకు పెట్టాడు.. ఇదే గోల.

హార్వర్డ్‌లో ఉన్నప్పుడు కాలేజీ పత్రికలో 'టైమ్' మ్యాగజైన్‌ను వెక్కిరిస్తూ ఓ పేరడీ సంచిక తెచ్చారు. చిత్రమేంటంటే, ఆ వెక్కిరింత కూడా ఆయనకు అదే సంస్థలో ఉద్యోగం రావడానికి సాయపడింది. 1932లో 'టైమ్' వాళ్ల బిజినెస్ పత్రిక 'ఫార్చ్యూన్'లో చేరారు. దేశమంతా ఆర్థిక మాంద్యం. చదువుకున్నవాళ్లే పని దొరక్క రోడ్ల మీద తిరుగుతున్న రోజులవి. న్యూయార్క్ క్రైస్లర్ బిల్డింగ్‌లో, అందరూ వెళ్లిపోయాక, గ్రామఫోన్ గట్టిగా పెట్టుకుని రాత్రంతా రాసేవారు. పగలు కంపెనీల లాభనష్టాల కథనాలు. మనసంతా కవిత్వం మీద! 1934లో ఓ కవితా సంపుటి వచ్చింది కూడా.

ఫ్లాపైన పుస్తకం.. పేరు లేని రివ్యూలు

1936 వేసవిలో ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్‌తో కలిసి ఆయన్ను అలబామా పంపింది 'ఫార్చ్యూన్'. పత్తి చేలల్లో పాలుకు సాగు చేసుకునే మూడు పేద కుటుంబాల మీద స్టోరీ చేయాలి. వాళ్ల ఇళ్లలోనే కొన్నాళ్లు ఉండి, చూసిందంతా రాశారు. పత్రిక వేయలేదు. అదే పెరిగి పెరిగి 1941లో పుస్తకంగా వచ్చింది. అమ్ముడుపోయింది సుమారు 600 కాపీలు. ఇవాళ అమెరికన్ యూనివర్సిటీల్లో పాఠంగా చెప్పే పుస్తకం పరిస్థితి అప్పుడది.

ప్రాణం పెట్టి రాసింది మునిగింది. ఇల్లు గడవాలి. ఈ పరిస్థితుల్లో 'టైమ్'లో సినిమా రివ్యూలు రాసే పనిలోకి వచ్చారు. అప్పట్లో 'టైమ్'లో రాసినవాళ్ల పేరు వేసేవారు కాదు. వారం వారం లక్షల మంది చదువుతారు, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. 1942 చివర్లో 'ది నేషన్' అనే చిన్న వారపత్రికలో సొంత పేరుతో ఓ కాలమ్ కూడా మొదలైంది. ఇక్కడ డబ్బు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. ఒకే సినిమా మీద రెండు చోట్లా రాసిన సందర్భాలున్నాయి. ఒకచోట జీతగాడు, ఇంకోచోట ప్రేక్షకుడు.

ఆ ప్రేక్షకుడే అసలు ఆకర్షణ. కాలమ్ మొదట్లోనే చెప్పేశారు.. తాను నిపుణుణ్ని కాదని, టికెట్ కొని హాల్లో కూర్చునే మీలాంటి వాణ్నేనని. ఆ మాట ఊరికే అనలేదు. 1944లో 'నేషనల్ వెల్వెట్' వచ్చింది. అందులో పన్నెండేళ్ల ఎలిజబెత్ టేలర్. ఆ పాప నిజంగా నటించగలదో లేదో తేల్చలేకపోతున్నానని, ఒకే క్లాసులో చదువుకునే పిల్లాడిలా ఆరాధనలో పడిపోయానని రివ్యూలోనే ఒప్పుకున్నారు. ఇవాళ ఏ రివ్యూయర్ రాస్తాడు చెప్పండి అలా?

1946లో యుద్ధం నుంచి ఇంటికొచ్చిన సైనికుల కథ 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' విడుదలైంది. ఓ వారం కాలమ్‌లో దాని లోపాలు ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టారు. చదివినవాళ్లు సినిమా పని అయిపోయిందనుకున్నారేమో! తర్వాతి వారం మళ్లీ అదే సినిమా. ఇన్ని తప్పులున్నా అది తనకెంత నచ్చిందో, ఎందుకు నచ్చిందో రాసుకొచ్చారు. 'కాసాబ్లాంకా' విషయంలో ఇంకోలా. చూశారు, నచ్చింది కూడా. కానీ అంత గొప్ప పేరెందుకు వస్తోందో మాత్రం ఆయనకు అర్థం కాలేదు. ఈ తీర్పుతో ఇవాళ ఒప్పుకునేవాళ్లు తక్కువే. ఆయన రివ్యూలు చదవడానికి తీర్పులతో ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. ఒక మనిషి హాల్లో కూర్చుని ఊగిసలాడుతుంటే పక్క సీట్లోంచి చూస్తున్నట్టు ఉంటుంది.

చెత్త సినిమాకు మాత్రం జాలి లేదు. 'టైకూన్' అనే సినిమా రివ్యూ మొత్తం ఒక్క వాక్యం. టన్నుల కొద్దీ డైనమైట్ పేల్చారు గానీ పేల్చాల్సినవాళ్ల కింద మాత్రం పెట్టలేదని తేల్చేశారు. 1945లో తాగుడుకు బానిసైన రచయిత కథ 'ది లాస్ట్ వీకెండ్' వస్తే, రివ్యూ చివర్లో అక్షరాలు తూలుతున్నట్టు, నాలుక మడత పడుతున్నట్టు రాసి నవ్వించారు. ఏజీకి కూడా మందు అలవాటు గట్టిగానే ఉంది. సిగరెట్లకు లెక్కలేదు, నిద్రకు వేళ లేదు. ఇది తెలిశాక ఆ జోక్ చదివితే నవ్వు సగంలో ఆగిపోతుంది.

ఈ కాలమ్‌కు 1944లోనే ఓ పెద్ద అభిమాని బయటపడ్డారు. ప్రసిద్ధ కవి డబ్ల్యూ.హెచ్. ఆడెన్. తనకు సినిమాలంటే పెద్ద ఇష్టం లేదని, చూసేదే అరుదని, అయినా 'నేషన్' చేతికి రాగానే ముందు చదివేది ఏజీనే అని ఎడిటర్లకు ఉత్తరం రాశారు. ఈ రివ్యూల మీద ఎవరో పీహెచ్‌డీ చేసే పాడు రోజు కూడా వస్తుందేమోనని అందులోనే సరదాగా దిగులుపడ్డారు.

చాప్లిన్ కోసం లేచి నిలబడ్డ రోజు

1947 ఏప్రిల్. న్యూయార్క్‌లో చాప్లిన్ ప్రెస్‌మీట్. కొత్త సినిమా 'మస్యూర్ వెర్దూ'లో ఆయన ట్రాంప్ కాదు. డబ్బున్న ఆడవాళ్లను పెళ్లి చేసుకుని చంపేసే హంతకుడు. సినిమా జనానికి ఎక్కలేదు. విలేకరులేమో సినిమా సంగతి వదిలేసి.. నువ్వు కమ్యూనిస్టువా, మా దేశ పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు అంటూ నిలదీశారు. అప్పుడు బాల్కనీలోంచి ఒకాయన లేచారు. కోపంతో గొంతు వణుకుతోంది. స్వేచ్ఛ గురించి గొప్పలు చెప్పుకునే దేశంలో ఓ కళాకారుణ్ని ఇలా వేధించడమేంటని విలేకరుల్నే కడిగేశారు. ఆయనే ఏజీ. అక్కడితో ఊరుకోలేదు. ఆ సినిమా మీద 'నేషన్'లో మూడు విడతలుగా రాశారు. హిట్టా ఫట్టా అన్న గొడవ ఆయనకు పట్టలేదు. అణుబాంబు తర్వాతి లోకంలో ట్రాంప్ పాత్రతో చాప్లిన్ కోసం ఓ కథ కూడా రాశారు గానీ, అది తెరకెక్కలేదు.

1948లో రెండు చోట్లా రివ్యూలు మానేశారు. మరుసటి ఏడాది 'లైఫ్' పత్రికలో మూకీ కామెడీ మీద పెద్ద వ్యాసం రాశారు. జనం దాదాపు మర్చిపోయిన బస్టర్ కీటన్‌ను మళ్లీ గుర్తుచేసిన వ్యాసమది. ఆ తర్వాత విమర్శకుడు కాస్తా స్క్రీన్‌ప్లే రైటర్ అయ్యారు. జాన్ హ్యూస్టన్‌తో 'ది ఆఫ్రికన్ క్వీన్' రాస్తుండగా 1951 మొదట్లో గుండెపోటు వచ్చింది. వయసు 41. ఆ స్క్రీన్‌ప్లేకు ఇద్దరికీ కలిపి ఆస్కార్ నామినేషన్ దక్కింది. డాక్టర్లు చెప్పిన జాగ్రత్తలు పాటించలేదు.

1955 మే 16న మాన్‌హట్టన్‌లో టాక్సీ ఎక్కారు. డాక్టర్ దగ్గరికే వెళ్తున్నారు. దారిలోనే మళ్లీ గుండెపోటు, అక్కడికక్కడే ప్రాణం పోయింది. వయసు 45. తండ్రి వర్ధంతికి సరిగ్గా రెండు రోజుల ముందు. నలుగురు పిల్లలు. తండ్రి మీద రాస్తున్న నవల ఇంకా పూర్తి కాలేదు.

ఆ వేసవిలోనే, ఏజీ స్క్రిప్టుతో చార్లెస్ లాటన్ తీసిన 'ది నైట్ ఆఫ్ ది హంటర్' విడుదలై ఫ్లాపైంది. ఇప్పుడది క్లాసిక్. నవలను స్నేహితుడు డేవిడ్ మెక్‌డోవెల్ సర్ది 1957లో 'ఎ డెత్ ఇన్ ది ఫ్యామిలీ' పేరుతో అచ్చు వేయించారు. 1958లో దానికి పులిట్జర్ వచ్చింది. రివ్యూల పుస్తకం వచ్చింది కూడా ఆ ఏడాదే. మొదట్లో ఆడెన్ ఉత్తరం ఉంటుంది. తర్వాత 'నేషన్' కాలమ్స్. వాటి వెనకాల, 'టైమ్'లో పేరు లేకుండా వచ్చిన రివ్యూలు కొన్ని.. ఈసారి జేమ్స్ ఏజీ పేరుతో.