పట్టా మీద కొట్టేసిన మాట

కిందటి సంక్రాంతికి మా పెద్దాడపడుచు కూతురు కెనడా నుంచి ఫోన్ చేసింది. ఇక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఫస్టు క్లాసులో పాసై, నాలుగేళ్లు సబ్‌స్టేషన్లు కట్టే కంపెనీలో పని చేసి, పెళ్లయ్యాక అక్కడికి వెళ్లిన పిల్ల. ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ పేరు కింద ఇంజనీరు అని రాసుకోబోతే, లైసెన్సు లేనిదే ఆ మాట రాసుకోకూడదని చెప్పారట. అదేం విడ్డూరమే, నువ్వు చదివింది ఇంజనీరింగే కదా అన్నాను. ఇక్కడ చదవడం వేరు, ఇంజనీరు అవడం వేరు అత్తయ్యా అంది. గొంతు బొంగురుపోయింది. ఇవన్నీ పడలేక ఏదైనా షాపులో లెక్కలు రాసే పనికి చేరిపోతానని కూడా అంది.

ఫోన్ పెట్టేశాక కూడా మనసు మనసులో లేదు. వంటింట్లో పోపు మాడిపోయింది. అప్పుడు గుర్తుకొచ్చారు నాకు అయ్యలసోమయాజుల లలిత గారు. మన దేశంలో మొట్టమొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరు, అందునా మన తెలుగింటి ఆడపడుచు. ఆవిడ పేరు ఇంజనీరింగ్ చదివే మన ఆడపిల్లల్లోనే చాలామంది విని ఉండరు.

లలిత గారు 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో అయిదో ఆవిడ. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. కొడుకులు ఇంజనీర్లయ్యారు, కూతుళ్లకు మాత్రం ఆ రోజుల్లో అందరిళ్లల్లో లాగే కొంతవరకు చదువు చెప్పించి పెళ్లిళ్లు చేసేశారు. లలిత గారికి 1934లో, పదిహేనో ఏట పెళ్లయింది. పెళ్లయినా స్కూలు చదువు పూర్తి చేశారు. 1937 సెప్టెంబరులో కూతురు పుట్టింది. నాలుగు నెలలు తిరక్కుండానే భర్త పోయారు.

పద్దెనిమిదేళ్ల పిల్ల, చంకలో నాలుగు నెలల పసిగుడ్డు. ఆ రోజుల్లో ఆ కుటుంబాల్లో అలాంటి పిల్లకు ఏం రాసిపెట్టి ఉండేదో మన నాయనమ్మల్ని అడిగితే చెప్పేవారు. తల తీయించి, తెల్లచీర కట్టించి, వంటింట్లో ఓ మూల పడేయడమే. మా అమ్మ మేనత్త ఒకావిడ అలాగే బతికి అలాగే పోయింది. లలిత గారింట్లో అది జరగలేదు. తండ్రి ఆమెను ఇంటికి తెచ్చుకున్నారు. ఆమె ఇంకా చదువుకుంటానన్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో చేరి ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో పాసయ్యారు.

తర్వాత ఏం చదవాలి? వైద్యం చదివే ఆడవాళ్లు అప్పటికే ఉన్నారు. కానీ చంటిపిల్ల తల్లి, రాత్రీ పగలూ ఆస్పత్రి అంటే కష్టమనుకున్నారు. వేళకు వెళ్లి వేళకు రాగలిగిన ఉద్యోగం కావాలి. తండ్రీ అన్నదమ్ములూ చేస్తున్న పనే ఎందుకు చేయకూడదు? ఇప్పుడు మనకిది మామూలు మాటలా వినిపిస్తుంది గానీ, అప్పటికి గిండీ కాలేజీలో ఆడపిల్ల అడుగే పెట్టలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడారు, పైనున్న విద్యాశాఖ డైరెక్టరు దొరగారి అనుమతీ తెచ్చుకున్నారు. 1940లో లలిత గారు ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరారు.

వందల మంది మగపిల్లల మధ్య ఒక్కతే. పాఠాలు కష్టం కాలేదు, ఎవరూ అల్లరీ పెట్టలేదట. కానీ హాస్టల్లో సాయంత్రాలు ఎలా గడుస్తాయి? పాప బంధువుల దగ్గర పెరుగుతోంది. వారం చివర్లో వెళ్లి చూసి రావడమే. ఒంటరితనం ఎక్కువైంది. అప్పుడు ఆ తండ్రి చేసిన పని నాకు భలే నచ్చింది. కూతురికి తోడు కావాలంటే ఆ కాలేజీలోకి ఇంకొందరు ఆడపిల్లలు రావాలి. వాళ్లు కూడా చేరవచ్చని కాలేజీ వాళ్ల చేత ప్రకటన చేయించారు. కొన్ని నెలలకే లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అనే ఇద్దరు సివిల్ ఇంజనీరింగులో చేరారు. ఆ త్రేసియా గారే 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్‌లో ఛీఫ్ ఇంజనీరయ్యారు.

1943లో లలిత గారు ఆనర్సుతో పాసయ్యారు. ఇక పట్టా ఇవ్వాలి. యూనివర్సిటీ పట్టా కాయితాల మీద ఇంగ్లీషులో అతను అనే మాట ముందే అచ్చయి ఉంది, మరి అన్నాళ్లూ అందుకున్నది మగవాళ్లే కదా! దాన్ని కొట్టేసి, ఆమె అని దిద్ది ఇచ్చారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి చదివినప్పుడు మాత్రం రాలేదు.

పట్టా వచ్చింది. మరి ఇంజనీరు అయినట్టేనా? మా మేనకోడలు అడిగిన ప్రశ్నే ఇది. ఒక్కో దేశంలో దీనికి ఒక్కో జవాబు ఉంది. అమెరికాలో రాష్ట్రమే లైసెన్సు ఇస్తుంది. 1907లో వయోమింగ్ అనే రాష్ట్రం మొదలుపెట్టిన పద్ధతి అది. జర్మనీలో ఇంజనీరు అన్న మాటకే చట్టం కాపలా ఉంది. ఇటలీలో మనం డాక్టరు గారూ అని పిలిచినట్టే పేరు ముందు ఇంజనీరు అని పెట్టి గౌరవంగా పిలుస్తారు. ఇంగ్లండులో చిత్రమేమిటంటే, బట్టలుతికే మిషను బాగుచేయడానికి వచ్చినతను కూడా ఇంజనీరే, అదేం తప్పు కాదు. కానీ ఛార్టర్డ్ ఇంజనీరు అనిపించుకోవాలంటే ఆ వృత్తి సంఘం పరీక్షలు పెట్టి, అనుభవం తూచి, తమలో ఒకరిగా ఒప్పుకోవాలి. మన దేశంలో డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు ఇంజనీర్లందరినీ నమోదు చేసే కేంద్ర చట్టం లేకుండానే దశాబ్దాలు గడిచిపోయాయి. మనకు డిగ్రీయే గుర్తింపు. ఊరు దాటేదాకా అది చాలు, సముద్రం దాటితేనే చిక్కు.

లలిత గారి కాలంలో ఆ తూకం లండన్లో ఉండేది. అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ సభ్యత్వం ఉంటే ఏ దేశం కంపెనీలోనైనా విలువుండేది. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది శిక్షణ పూర్తిచేసి, 1944లో సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరారావిడ. అక్కడ అన్నగారింట్లో ఉండి, ఉద్యోగం చేస్తూనే ఆ లండన్ సంస్థ వాళ్ల పరీక్ష రాసి పాసయ్యారు. పిల్లను చూసుకుంటూ, ఆఫీసుకు వెళ్లొస్తూ, రాత్రిపూట పుస్తకాలు ముందేసుకుని ఉంటారు. పోటీ పరీక్షలు రాసే గృహిణులకు ఆ రాత్రిళ్ల గురించి నేను చెప్పక్కర్లేదు.

ఆ లండన్ సంస్థ కథ కూడా కొంచెం చెప్పాలి. 1899లో హెర్తా ఎయిర్టన్ అనే శాస్త్రవేత్తను మొదటి మహిళా సభ్యురాలిగా చేర్చుకున్నదది. మూడేళ్లకు ఆవిడ పేరు రాయల్ సొసైటీకి ప్రతిపాదిస్తే, పెళ్లయిన స్త్రీ కాబట్టి చేర్చుకోవడానికి చట్టం ఒప్పదని వాళ్లు తిరగ్గొట్టారు. అక్కడ భర్త ఉండడం అడ్డం, ఇక్కడ భర్త పోవడం అడ్డం. ఆడదానికి ఏ దేశమైతేనేం అనిపించింది నాకు!

సిమ్లా తర్వాత కొన్నాళ్లు తండ్రి పరిశోధనల్లో సాయం చేశారు. ఆయన విద్యుత్తుతో మోగే వాయిద్యం, పొగరాని పొయ్యి లాంటివి తయారుచేస్తుండేవారు. అది మనసుకు నచ్చినా ఇల్లు గడవడానికి చాలలేదు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. ఆ ఊళ్లోనూ ఒక అన్నగారున్నారు. ఎక్కడ అన్నదమ్ములుంటే అక్కడే ఉద్యోగం చూసుకున్నారన్నమాట. కరెంటు లైన్ల డిజైన్లు, సబ్‌స్టేషన్లలో ఏ యంత్రం ఎక్కడ ఉండాలో గీసే నక్షాలు, ప్రమాదం వస్తే లైను తెగిపోయేలా చేసే రక్షణ పరికరాలు, ఇవీ ఆవిడ పని. భాక్రానంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. కానీ ఆ పనంతా ఆఫీసులో బల్ల ముందే. డ్యాముల దగ్గర గుడారాల్లో నెలల తరబడి ఉండే ఉద్యోగం ఒంటరి తల్లికి కుదిరేది కాదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. చేయగలిగిన పని ఎంచుకుని, అందులో ఎవరూ వేలెత్తి చూపకుండా చేశారు. దీన్ని రాజీ అనేవాళ్లు అనుకోవచ్చు, నేను మాత్రం అనను.

1953లో లండన్ సంస్థ ఆవిడను అసోసియేట్ సభ్యురాలిగా ఎన్నుకుంది. పూర్తి సభ్యత్వం 1966లో వచ్చింది. మధ్యలో పదమూడేళ్లు!

1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభ జరిగింది. లలిత గారికి పిలుపొచ్చింది. మన దేశంలో అలాంటి మహిళా సంఘమే లేదు కాబట్టి ఎవరి ప్రతినిధిగానూ కాకుండా తన అంతట తానుగా వెళ్లారు. అటునుంచి ఇంగ్లండు వెళ్లి అక్కడి మహిళా ఇంజనీర్లను కలిశారు. వాళ్ల సంఘం కూడా 1919లోనే, అంటే ఆవిడ పుట్టిన ఏడాదే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీలు నడిపిన ఆడవాళ్లను, యుద్ధం అయిపోయింది, మగవాళ్లొచ్చేశారు, ఇక ఇళ్లకు పొమ్మంటే, పోమని పెట్టుకున్న సంఘమది. 1965లో అందులో సభ్యురాలయ్యారు లలిత గారు. 1967లో కేంబ్రిడ్జిలో రెండో సభ జరిగినప్పుడు మన దేశం తరఫున బాధ్యత తీసుకుని, మహిళా పత్రికల ద్వారా ఆ కబురు అందరికీ చేరవేశారు. ఈసారి ఇక్కడి నుంచి అయిదుగురు వెళ్లారు. హాస్టల్లో ఒంటరిగా సాయంత్రాలు గడిపిన మనిషికి తోడు విలువ తెలియదా మరి!

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతుర్ని చదివించారు, ఆ అమ్మాయి తర్వాత అమెరికాలో లెక్కల టీచరయింది. దాదాపు ముప్ఫయ్యేళ్లు ఒకే కంపెనీలో పనిచేసి 1977లో రిటైరయ్యారు. అక్కచెల్లెళ్లలో ఒకరితో కలిసి దక్షిణాదిలో ఊళ్లు చూశారు. ఆ తీరిక రెండేళ్లే దక్కింది. మెదడులో రక్తనాళం చిట్లి 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట వెళ్లిపోయారు.

ఈ కథంతా మా మేనకోడలికి ఫోన్లో చెప్పాను. ఊ కొడుతూ వింది. చివరికి, ఆవిడకు పరీక్ష రాసే వీలైనా ఉంది అత్తయ్యా, నాకు ముందు నా కాలేజీనే లెక్కలోకి తీసుకోరట అంది. నిజమే. ఇంజనీరింగ్ డిగ్రీలను పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందమని ఒకటుంది. ఆరు దేశాలు కలిసి 1989లో చేసుకున్నాయి. మన దేశం పూర్తి సభ్యత్వం పొందింది 2014లో. అదీ అన్ని కాలేజీలకూ వర్తించదు, ఆ స్థాయి గుర్తింపు తెచ్చుకున్న కోర్సులకే. సందుకో ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న మన దగ్గర, ఫీజు ఎంత అని అడిగే తల్లిదండ్రులు ఈ ముక్క కూడా అడగడం మంచిది. మేమూ అప్పుడు అడగలేదు.

తన కాలేజీ ఆ జాబితాలో లేదు. అందుకని విడిగా పరీక్షలు రాయాలి. ఎన్ని అని అడిగితే ఇంకా తెలీదంది. షాపు ఉద్యోగం మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

వారం తర్వాత వాళ్లమ్మకు ఫోన్ చేసి, యూనివర్సిటీ నుంచి మార్కుల పత్రాలు సీలు వేసిన కవర్లో పంపించాలని అడిగిందట. మా ఆడపడుచుకు మోకాళ్ల నొప్పులు. అందుకని సోమవారం ఆ ఆఫీసు మెట్లు ఎక్కాల్సింది నేనే.