చక్రపాణి: వంగ కథకు తెలుగు వాకిలి

ఆంధ్రదేశమున శరచ్చంద్ర చటోపాధ్యాయుని నవలలు చదివినవారు పెక్కుమంది. వానిని తెనిగించిన చేయి యెవరిదని విచారించినవారు కొందఱే. ఆ చేతులలో ముఖ్యమైనది చక్రపాణిది. విజయా సంస్థ నిర్మాతగా ఆయన పేరు ఇంటింట వినబడినది. కాని ఆ నిర్మాతకు ముందు ఒక అనువాదకుడును, ఆ అనువాదకునకు ముందు ఒక రోగియు నుండిరి. ఈ మూడు దశలను కలిపి చూచిన గాని ఆయన కృషి బోధపడదు.

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5వ తేదీన గుంటూరు జిల్లా తెనాలి చెంతనున్న ఐతానగరమున జన్మించెను. పాఠశాల చదువు ఎంతో దూరము సాగలేదు. హిందీ శ్రద్ధతో నేర్చెను. చక్రపాణి యనునది పిమ్మట వచ్చిన కలము పేరు. అదియే లోకమున నిలిచినది.

యౌవనముననే ఆయనకు క్షయ సోకెను. అప్పటికి ఆ వ్యాధికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. విశ్రాంతి, నిర్మలమైన గాలి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్స. 1915లో మదనపల్లె సమీపమున ఆరోగ్యవరమున నెలకొన్న చికిత్సాలయమునకు వివిధ భాషలవారు వచ్చుచుండిరి. 1930ల తొలినాళ్ళలో చక్రపాణియు అచ్చట చేరెను. రేపటి మాట నిశ్చయము కాని ఆ మంచముపై నుండి, తోడి రోగి యొకనివలన వంగభాష నేర్చెను. విశ్వవిద్యాలయము లేవియు అప్పగింపని పని అది. తాను చదివి మెచ్చిన కథను చదువలేని తనవారికి అందింపవలెనను కోరికయే ఆ విద్యకు ఫలమైనది.

బంకించంద్రుని నవలలు అంతకు పూర్వమే తెలుగునకు వచ్చియుండెను. వానిలో పెక్కింటి భాష గ్రాంథికము. చక్రపాణి శరత్తునకు ఎన్నుకొనినది ఇండ్లలో మాటలాడు తేట తెలుగు. ఆ వాక్యములలో పరభాష వాసన లేకుండుటచే శరత్తు తెలుగు రచయితయే యని భ్రమపడిన పాఠకులు నుండిరందురు. అనువాదకునకు ఇంతకు మించిన మెప్పు లేదు; ఆయన మరుగున పడుటకు ఇంతకు మించిన కారణమును లేదు.

1941లో వెలువడిన ధర్మపత్ని చిత్రమునకు సంభాషణలు వ్రాసి చక్రపాణి చలనచిత్ర రంగమున ప్రవేశించెను. దాని కథ మరాఠీ రచయిత ఖాండేకరుది. 1945లో స్వర్గసీమకు మాటలు సమకూర్చెను. పిదప బి. నాగిరెడ్డితో కూడి స్థాపించిన విజయా సంస్థ తొలి చిత్రము షావుకారు 1950లో వచ్చినది.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. దేవదాసును తెనిగించిన చక్రపాణి దానిని తన సంస్థ పక్షమున తీయలేదు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున దానిని తెరకెక్కించినది వినోదా సంస్థ. అప్పటికే పుస్తకమున దేవదాసుకై కన్నీరు కార్చిన తెలుగు పాఠకులు ఆ చిత్రమునకు సిద్ధముగా నుండిరి. చక్రపాణి మాత్రము వంగ సాహిత్యము నుండి తెరకై నవ్వును ఎన్నుకొనెను. 1955 నాటి మిస్సమ్మకు రవీంద్రనాథ మైత్రా నాటకము మన్మయీ గర్ల్స్ స్కూల్ ఆధారము. శరదిందు బందోపాధ్యాయుని డిటెక్టివ్ కథయు దానికి తోడైనది. ఉద్యోగమునకై దంపతులుగా నటించు హిందూ యువకుడును క్రైస్తవ యువతియు అప్పాపురము బడిపంతుళ్ళయిరి. పింగళి నాగేంద్రరావు మాటలలో ఆ కథ అచ్చముగా తెలుగుదైనది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వముననే అది తమిళమునకును, 1957లో మిస్ మేరీగా హిందీకిని పోయెను.

నవలను తెనిగించునపుడు రచయిత యెదుట వినయము, కథను తెరకు మలచునపుడు ప్రేక్షకుని యెదుట స్వేచ్ఛ, ఈ రెండును చక్రపాణియందు విరోధింపలేదు. పుస్తకమును ఏకాంతమున చదువువాడు ఆగి వెనుకకు మరలగలడు. చిత్రశాలలోని వందలమందికి ఆ వీలు లేదు. ఈ భేదము నెఱిగినవాడగుటచేతనే ఆయన మూలమును మార్చుటకు జంకలేదు. అయితే ఈ స్వేచ్ఛకు వెల కలదు. మిస్సమ్మను చూచి నవ్విన లక్షలమందిలో మైత్రా పేరు విన్నవారు అరుదు. శరత్తు వెనుక చక్రపాణి మరుగుపడినట్లే చక్రపాణి వెనుక మైత్రా మరుగుపడెను. ఈ ఋణమును లెక్కించుట తులనాత్మక సాహిత్య పరిశోధకుల విధి.

1947 జూలైలో వెలువడిన చందమామ, యువ మాసపత్రిక, ఈ రెండింటను ఆయన కోరినది ఒక్కటియే: కథ చదువరికి అడ్డు లేకుండ అందవలెను. 1975 సెప్టెంబరు 24న చక్రపాణి మరణించెను. ఆరోగ్యవరమున ఒక రోగి మఱియొక రోగికి నేర్పిన అక్షరములు ఒక జాతి పఠనాభిరుచినే మార్చినవి.