బీరు అమ్ముకోవడానికి బేస్‌బాల్ టీం కొన్నాడు.. ఓ వెలుగు వెలిగి చివరికి బార్‌లోనే తేలాడు!

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం. బెల్‌ఫౌంటెన్ అనే పాత శ్మశానవాటికలో ఓ సమాధిపై నిలువెత్తు విగ్రహం కనిపిస్తుంది. చనిపోయాక అభిమానులు పెట్టించారనుకుంటే పొరపాటే. ఆ పెద్దాయన చేతినిండా డబ్బున్న రోజుల్లో, తన స్టేడియం ముందు పెట్టుకోవడానికి తానే చేయించుకున్న విగ్రహం అది!

ఆయన పేరు క్రిస్ వాన్ డెర్ ఆహె. 11 వరల్డ్ సిరీస్ టైటిళ్లు గెలిచిన సెయింట్ లూయిస్ కార్డినల్స్ టీం మొదలైంది ఈయన చేతుల్లోనే.

క్రిస్ పుట్టింది జర్మనీలో. కుర్రాడిగా ఉన్నప్పుడే అమెరికా వచ్చేశాడు. సెయింట్ లూయిస్‌లో కిరాణా కొట్టు, దానికి తోడు ఓ బార్ పెట్టాడు. బేస్‌బాల్ గురించి ఆయనకు తెలిసింది దాదాపు సున్నా. కానీ ఒక్క విషయం గమనించాడు. దగ్గర్లోని మైదానంలో మ్యాచ్ ఉన్న రోజు తన బార్ కిటకిటలాడుతోంది. అంతమంది జనం అక్కడికే వెళ్తుంటే, బీరు కూడా అక్కడే అమ్మితే పోలా? అంతే, మైదానం లీజుకు తీసుకున్నాడు. టీం కూడా తీసుకున్నాడు. దాని పేరు బ్రౌన్స్.

అప్పటికి ఉన్న పెద్ద లీగ్ ఒక్కటే, నేషనల్ లీగ్. అక్కడ టికెట్ 50 సెంట్లు. ఆదివారం ఆట లేదు. మైదానంలో మందు లేదు. బీరు అమ్మకం, ఆదివారాల్లో మైదానం అద్దెకివ్వడం మానబోమన్నందుకు సిన్సినాటి టీంను 1880లో లీగ్ నుంచే గెంటేశారు. ఫ్యాక్టరీల్లో వారానికి ఆరు రోజులు పనిచేసే మనిషికి సెలవు దొరికేదే ఆదివారం. ఆ రోజే ఆట లేదంటే ఇక ఎవరి కోసం ఆడుతున్నట్టు?

1882లో అమెరికన్ అసోసియేషన్ అనే కొత్త లీగ్ మొదలైంది. క్రిస్ అందులో కీలకం. టికెట్ 25 సెంట్లే. ఆదివారం మ్యాచ్ ఉంటుంది. బీరు కూడా! గిట్టనివాళ్లు దాన్ని బీర్ అండ్ విస్కీ లీగ్ అని వెక్కిరించారు. జనం మాత్రం ఎగబడ్డారు. గేటు దగ్గర వసూలైన డబ్బును క్రిస్ తోపుడు బండిలో వేసుకుని బ్యాంకుకు వెళ్లేవాడని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. 1887లో ఆదివారం ఆట ఆడించినందుకు పోలీసులు అరెస్ట్ చేసినా వెనక్కి తగ్గలేదు. కోర్టులో గెలిచాడు.

టీం కూడా మామూలుది కాదు. చార్లెస్ కొమిస్కీ అనే యువ ఆటగాడిని మేనేజర్ చేశాడు. 1885 నుంచి 1888 వరకు వరుసగా నాలుగేళ్లు లీగ్ టైటిల్ బ్రౌన్స్‌దే. 1886లో అయితే నేషనల్ లీగ్ చాంపియన్ షికాగోతో వరల్డ్ సిరీస్. గెలిచినవాళ్లకే మొత్తం గేటు వసూళ్లు, ఓడినవాళ్లకు సున్నా! ఆరో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో కర్ట్ వెల్చ్ హోమ్ ప్లేట్ దాటాడు. బ్రౌన్స్ గెలిచింది. నేషనల్ లీగ్ చాంపియన్‌ను ఈ సిరీస్‌లో ఓడించిన అసోసియేషన్ టీం అదొక్కటే.

అయితే ఈ కథలో ఓ మచ్చ కూడా ఉంది. 1887 సెప్టెంబర్‌లో క్యూబన్ జెయింట్స్ అనే నల్లజాతి ఆటగాళ్ల జట్టుతో క్రిస్ ఓ ఎగ్జిబిషన్ మ్యాచ్ ఒప్పుకున్నాడు. నల్లవాళ్లతో ఆడబోమంటూ ఆయన ఆటగాళ్లు ఎనిమిది మంది సంతకాలు పెట్టి ముందురోజు రాత్రి లెటర్ చేతిలో పెట్టారు. మ్యాచ్ రద్దయింది. క్రిస్‌కు గేటు డబ్బులే ముఖ్యం కావచ్చు. ఆ డబ్బు కోసమైనా ఆయన ఆడించడానికి సిద్ధపడ్డ మ్యాచ్‌ను ఆటగాళ్లే ఆపేశారు.

ఆ తర్వాత పతనం మొదలైంది. 1891 సీజన్‌తో అసోసియేషన్ మూతపడింది. బ్రౌన్స్ నేషనల్ లీగ్‌లోకి వెళ్లింది. కొమిస్కీ వెళ్లిపోయాడు. మంచి ఆటగాళ్లు పోతున్నా క్రిస్ దృష్టి మాత్రం వినోదం మీదే. స్టేడియంలోనే గుర్రప్పందేలు, నీటిలోకి జారే పడవల రైడ్ పెట్టాడు. పేపర్లు నవ్వాయి. ఆయన జర్మన్ యాసను అచ్చులో వెటకారం చేశాయి. మేనేజర్లను మార్చి మార్చి, ఓ దశలో తానే మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు. 1897లో టీం 29 మ్యాచ్‌లు గెలిచి 102 ఓడింది. ఇంకేం చెప్పాలి!

1898 అయితే పీడకల. ఓ పాత కేసు తాలూకు బాకీ కోసం ఫిబ్రవరిలో ప్రైవేట్ డిటెక్టివ్‌లు ఆయన్ను మాయమాటలతో పిలిపించి, రైలెక్కించి పిట్స్‌బర్గ్ జైలుకు పట్టుకెళ్లారు. అచ్చంగా కిడ్నాపే. ఏప్రిల్ 16న మ్యాచ్ జరుగుతుండగా స్టేడియం తగలబడింది. చాలామంది గాయపడ్డారు, కేసులు మీద పడ్డాయి. 1899లో టీంను వేలం వేసేశారు. మరుసటి ఏడాదికల్లా కొత్త ఓనర్ల చేతుల్లో దాని పేరు కార్డినల్స్‌గా మారింది.

క్రిస్ మళ్లీ మొదటికొచ్చాడు. చిన్న బార్‌లో గ్లాసులు నింపుతూ బతికాడు. 1908లో ఆయన్ను ఆదుకోవడానికి నగరంలోని రెండు టీంలు కలిసి ఓ బెనిఫిట్ మ్యాచ్ ఆడాయి. అప్పటికి షికాగో వైట్ సాక్స్ ఓనర్ అయిపోయిన కొమిస్కీ పాత బాస్‌కు డబ్బులు పంపుతూ ఉండేవాడు. 1913 జూన్ 5న క్రిస్ కన్నుమూశాడు. అంత్యక్రియలకు కొమిస్కీ షికాగో నుంచి వచ్చాడు. స్టేడియం ముందు నిలబడాల్సిన విగ్రహం సమాధి మీదకు చేరింది.

బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కొమిస్కీకి చోటుంది. బీరు వద్దన్న నేషనల్ లీగ్ వ్యవస్థాపకుడు విలియం హల్బర్ట్‌కూ చోటుంది. క్రిస్‌కు మాత్రం లేదు. ఇక కార్డినల్స్ సంగతి అంటారా? 1953లో ఆ టీంను కొన్నది ఆన్‌హైజర్ బుష్ అనే బీరు కంపెనీ. ఇప్పుడు ఆడుతున్న మైదానం పేరు బుష్ స్టేడియం. ఆదివారాలు కూడా అక్కడ మ్యాచ్‌లుంటాయి.