ముందు ఇంటికి రానివ్వండి

ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు రాత్రి తొమ్మిదైనా మావాడు ఇంటికి రాలేదు. ఇంగ్లీషు పోయిందట. గుమ్మంలో కూర్చున్న నాకు రామానుజన్ తల్లి కోమలతమ్మాళ్ గుర్తొచ్చింది.

1904లో స్కాలర్‌షిప్పుతో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో చేరాడు రామానుజన్. లెక్కలు తప్ప మరేదీ తలకెక్కేది కాదు. తక్కిన సబ్జెక్టులు తప్పి స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం వచ్చేశాడు. అప్పటికి పదిహేడేళ్లు. ఆ తల్లి ఎంత తల్లడిల్లిందో!

తిరిగెళ్లాక మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరాడు. ఎఫ్.ఏ. మాత్రం గట్టెక్కలేదు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా అయ్యాడు. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి తన లెక్కలు రాసి పంపాడు. మరుసటేడు అక్కడికే వెళ్లాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1920లో 32 ఏళ్లకే కన్నుమూశాడు.

పరీక్ష తప్పిన వాళ్లంతా రామానుజన్‌లవుతారని కాదు. కానీ ఇల్లు వదిలిన ఆ కుర్రాడు తిరిగి రాకపోయుంటే?

తొమ్మిదిన్నరకు గేటు చప్పుడైంది. ఏమీ అడక్కుండా అన్నం వడ్డించాను. సప్లిమెంటరీ సంగతి మర్నాడు మాట్లాడుకున్నాం. ఫలితాలకు ముందే మీ పిల్లలకు చెప్పండి... ఏమొచ్చినా సరే, ముందు ఇంటికే రమ్మని.