వాయులీన గురువు ద్వారం వెంకటస్వామినాయుడుగారు

విద్య గలవారు పెక్కుమంది యుందురు. నేర్చుకొనువాని యిబ్బంది నెరిగి విద్య నొసంగువారు కొందరే యుందురు. అట్టివారిలో వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ముందుగ స్మరింపదగినవారు. కచ్చేరీలచే దేశమంతట కీర్తి గడించినను వారి కర్మక్షేత్రము విజయనగర సంగీత కళాశాలయే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి బిలాస్‌పూరున స్థిరపడిన తెలుగు కుటుంబములలో కళింగసీమనుండి వచ్చినవి పెక్కు గలవు. 1931లో రాయపూరు, విజయనగరముల నడుమ రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఈ రెండు సీమల రాకపోకలు మరింత సుగమములయ్యెను. కావున విజయనగరపు గురువు కథ ఈ పట్టణమువారికి పరాయి కథ కాదు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి మాణిక్యాలనాయుడుగారు సైన్యమున ఉద్యోగి. బాల్యము విశాఖపట్టణమున గడచెను. పుట్టుకనుండియు చూపు మందము. బడిచదువునకు ఆ లోపమే అడ్డయ్యెను. అక్షరము ఆనని బాలునకు నాదము ఆనెను. అన్నగారగు వెంకటకృష్ణయ్యగారు వాయులీనమున తొలి పాఠములు చెప్పిరి. తరువాత నాయుడుగారికి సాధనయే గురువైనది. పెద్దల సంగీతమును వినుట, విన్నదానిని తీగెపై వెదకుట, దొరకువరకు విడువకుండుట, ఇదియే వారి విద్యాభ్యాసము.

వాయులీనము పరదేశమునుండి వచ్చిన వాద్యము. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. పియానోయు పడమటి వాద్యమే. కాని పియానోలో ప్రతి మెట్టునకు స్వరము ముందే నిర్ణయమై యుండును. ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు జారుటకు వీలులేదు. వాయులీనమునకు మెట్లు లేవు. స్వరస్థానమును చెవియే నిర్ణయించి వ్రేలికి చెప్పవలెను. అందుచేతనే గమకప్రధానమైన మన సంగీతమున అది యిమిడిపోయినది. చూపు తక్కువయైనను చెవి నిశితమైన వానికి అంతకంటె తగిన వాద్యము మరియొకటి లేదు.

విజయనగర కళాశాల పుట్టుకయు ఇట్టిదే. సంస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడు. సంగీతమునం దాసక్తి గలవాడు. ఆ బాలునకు విద్య చెప్పించు సంకల్పముతో విజయరామ గజపతిరాజుగారు 1919లో సంగీత పాఠశాలను స్థాపించిరి. ఒక్కనికై తెరచిన తలుపు వేలమందికి దారియైనది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైరి. అప్పటికి యిరువదియారేండ్ల వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగ చేరగోరి అచ్చటికి వెళ్ళిరి. వారి వాద్యమును విన్న పెద్దలు వారిని శిష్యుల వరుసలో కాక గురుపీఠమున కూర్చుండబెట్టిరి. పట్టములు లేవని త్రోసివేసియున్నచో ఆంధ్రదేశమునకు ఎంత నష్టము వాటిల్లెడిదో యూహింపవచ్చును.

1936లో నాయుడుగారు కళాశాలాధ్యక్షులైరి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు బాల్యమున సంగీతమునకై విజయనగరము చేరునాటికి వేసవి సెలవులు, కళాశాల మూసియున్నది. దిక్కులేని ఆ బాలుడు ఆవరణములోనే యుండుటకు నాయుడుగారు అనుమతించిరి. తలుపులు తెరచువరకు వేచియుండుటకు చోటు దొరకినందుననే ఆ కుఱ్ఱవానికి చదువు దక్కినది. వైద్యవృత్తి నవలంబించిన శ్రీపాద పినాకపాణిగారును నాయుడుగారివద్ద కొంతకాలము శిష్యరికము చేసినవారే. ఒకడు నిలువనీడ లేని బాలుడు, మరియొకరు ఉన్నతవిద్యావంతులు. నాయుడుగారి నీడ ఇరువురకును దొరకినది. ఇంటిలోను విద్య నిలిచినది: కుమారులు భావనారాయణరావుగారును, కుమార్తె మంగతాయారుగారును వాయులీన విద్వాంసులైరి.

అంతవరకు గాత్రమునకు ప్రక్కవాద్యముగనే ఎక్కువగ వినవచ్చుచుండిన వాయులీనమునకు నాయుడుగారు స్వతంత్రస్థానము సంపాదించిరి. 1938లో వేలూరున వారొక్కరే ప్రధానముగ కచ్చేరి చేసిరి. కమాను నడపుటయందు పడమటి విద్వాంసుల నేర్పును గూడ గ్రహించి, రాగస్వరూపమునకు భంగము రాకుండ నాదమునకు నిండుదనము కూర్చిరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీత కళానిధి బిరుదము నొసంగిరి. విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి యింట వారి వాద్యమును విని మిక్కిలి ప్రశంసించెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీయు లభించెను. 1964 నవంబరు 25వ తేదీన వారు కీర్తిశేషులైరి. శతజయంతి సంవత్సరమగు 1993లో తపాలాశాఖవారు వారి పేర తపాలాబిళ్ళ వెలువరించిరి.

రేయింబవళ్ళు వంతులవారీగ పనిచేయు రైల్వే కుటుంబములలో విద్య నేర్వగోరువారందరు ఒకే యీడువారు కారు, ఒకే తీరికగలవారును కారు. బడినుండి వచ్చిన పిల్లవాడును, పనిదిగి వచ్చిన తండ్రియు, విశ్రాంతజీవనమున నున్న తాతయు ఒకే పాఠమును ఒకే వేగముతో నేర్వజాలరు. వీరికి విద్య అబ్బదని నిర్ణయించుటకు ముందు, ఏ దారిన అబ్బునో వెదకుట గురువు విధి. బడిచదువునకు తగడని తోచిన బాలుడే మహావిద్వాంసుడై, కళాశాలాధ్యక్షుడై, మరియొక బాలునకు నీడ చూపినాడు. ద్వారం వారి జీవితము ఈ సత్యమునకు చాలిన నిదర్శనము.