అనుభవము లేని పంతులుగారు

టెక్కలి, పలాస, ఉద్దానము పల్లెలలో చదువు ముగించిన పిల్లలు సిఫారసు చీటీకై మాయొద్దకు వచ్చి, అనుభవము లేదని తమకెవరును పని ఇయ్యలేదని కంటతడి పెట్టుదురు. వారికి మేము గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పుదుము. (వాడుక భాషకై పోరిన వారిని గూర్చి మేమీ పాత తెలుగున వ్రాయుట క్షమించుదురు గాక.)

వీరు 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో పుట్టిరి. బాల్యముననే తండ్రి గతించెను. 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతమునకు ఉపాధ్యాయులైరి. ప్రాయము పదునేడేండ్లకు మించలేదు. చేతనున్నది ఆ యొక్క పరీక్షయే. పాఠములు చెప్పుచునే ప్రైవేటుగా చదివి, బి.ఏ. ప్యాసైరి.

అక్కడనే కొండలనుండి వచ్చు సవరలను చూచి, వారి భాష నేర్వగోరిరి. పుస్తకము లేదు. రెండు భాషలును వచ్చిన వానినొకని ఇంట నుంచుకొని నేర్చిరి. సవర పిల్లలకు సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. ఆ పనిలోను వారికి ముందనుభవము లేదు.