గిడుగు పంతులుగారి సవర చదువు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమం స్ఫురిస్తుంది. ఆ ఉద్యమానికి నేల దున్నినది సవర భాష అన్న సంగతి మాత్రం అంతగా స్మరణకు రాదు.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి సమీపాన పర్వతాలపేటలో జన్మించి, బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. ఆ ఊరి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. నాటికి వారి భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. అటువంటిది భాష ఎట్లా అవుతుందని చదువుకున్నవారి చులకన. పంతులుగారు తెలుగు వచ్చిన సవర నొకరిని ఇంట నిలుపుకొని ఆ భాష అభ్యసించినారు.

తలకు నూనె రాసుకొంటానని చెప్పడానికి తెలుగున మూడు మాటలు కావాలి. సవర నోట ఆ రాయడం, నూనె, తల, తనకు తానేనన్న సూచన, కాలం, కర్త అన్నీ ఒక్క క్రియాపదంలో ఇమిడిపోతాయి. మాట ఎక్కడ ముగిసింది, వాక్యం ఎక్కడ మొదలైంది? తెలుగు వ్యాకరణపు మూసలో పోస్తే ఆ పదం పగిలిపోతుంది, అర్థమూ జారిపోతుంది. తిరగవేసి చూచుకొనడానికి ప్రమాణగ్రంథం లేదు. పలికేవాని మనసులో భావం ఏ రూపాన కదులుతున్నదో చెవి యొగ్గి వినవలసిందే. అట్లా వినడానికై మన్యంలో తిరిగి చలిజ్వరం పాలైనారు. క్వినైను జ్వరాన్ని కుదిర్చింది కాని వినికిడిని హరించింది.

సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపి, వారి నుడిలోనే వాచకాలు రచించినారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే, ఆ సొమ్ము సవరల బడికే వినియోగింపుమన్నారు.

ఇంతలో పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర తెలుగు నేర్చుకొంటూ, జనం మాటాడే భాష ఒకటి, పుస్తకాల భాష వేరొకటి ఎందుకైనదని ప్రశ్నించినాడు. సవరను పరిశీలించిన కంటితోనే పంతులుగారు తెలుగును తిరిగి చూచినారు. బాలుడు ఒక భాషలో ఆలోచించి, మరొక భాషలోకి మార్చి వ్రాయవలసివస్తున్నది. శ్రమంతా రూపాలకే చెల్లిపోయి తలంపు వెనుకబడుతున్నది. చిన్నయసూరి సూత్రాలను శిరసావహించే పండితుల రచనలలోనే ఆ సూత్రాలు తప్పిన ప్రయోగాలను పుటలకొలది ఏరి చూపినారు. ఈ పని ఆయనకు మిత్రులను సంపాదించి పెట్టలేదనుట వేరుగా చెప్పనక్కరలేదు. జయంతి రామయ్య పంతులుగారి ప్రభృతులు గట్టిగా ప్రతిఘటించినారు. ప్రాచీన కావ్యాలు జనానికి దూరమవుతాయన్న వారి భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. అయితే గిడుగువారికి ఆ కావ్యాలపై అనాదరం లేదు. వాటి భాషను నేటివారి ఆలోచనలపై రుద్దవద్దన్నదే ఆయన పట్టు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను నెలకొల్పి వాదం సాగించినారు.

1931లో సవర వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరడంతో, అర్ధశతాబ్దికి పైగా కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయాన పత్రికా సంపాదకులను కలుసుకొని, వార్తలు జనం వాడుకలో వ్రాయండని కోరినారు. వారం తిరిగి, 22వ తేదీన కన్నుమూసినారు.